గేటు వేసేవాడు

గోపాలపట్నం దాటాక వచ్చే లెవెల్ క్రాసింగు దగ్గర
ముప్పై ఒక్క ఏళ్లు చేశాను.
జనాన్ని ఆపడమే ఉద్యోగం.
తిట్లు తిన్నాను, టీ తాగాను,
ఎర్రజెండా విప్పాను, చుట్టాను.

రిటైరైన మూడో నెలలో
శిక్షణ కేంద్రం రొహీనా మేడమ్
అట్టపెట్టెలో గవ్వని తెచ్చింది.
ఎనిమిది వారాల పిల్ల. మీగడ రంగు.
చూపులేని వాళ్లకి దారి చూపాల్సిన కుక్క.
అప్పటికి మాత్రం
తన తోక ఎవరిదో దానికి తెలీదు.

"పదిహేను నెలలు పెంచి ఇచ్చేయాలి" అందామె.
"పెంచి ఇచ్చీడానికి ఇదేటి, అంగన్వాడీయా?"
వంటింట్లోంచి పారమ్మ.
ఆ రాత్రి కుయ్యోమని ఏడుస్తుంటే లేచి చూశాను.
తన పాత చీర మడతపెట్టి దాని కింద పరుస్తోంది.
నన్ను చూసి,
"గచ్చంతా పాడుసేస్తాదని" అంది.

కూర్చో. ఆగు. వదిలేయ్.
ఆ మూడో మాటే గవ్వకి మింగుడు పడలేదు.
పూర్ణా మార్కెట్లో ఎండు నెత్తళ్ల బుట్టల మధ్య
నాకు చెమట, దానికి చొంగ.
ఐదోవారం ఒక బుట్ట దగ్గర
ముక్కు పక్కకి తిప్పుకుంది, తనంతట తనే.
ఏమీ కొనకుండానే
ఆ చేపలావిడకి పది రూపాయలిచ్చి వచ్చేశాను.
పిచ్చోడనుకుని ఉంటుంది.

ఇరవై ఎనిమిదో నంబరు బస్సులో సీటు కింద చుట్టుకునేది.
కండక్టరు ఏదో అనబోయి
దాని జాకెట్టు మీద అక్షరాలు చదువుకున్నాడు.
సింహాచలం దాకా
దాని తోక తొక్కకుండా టిక్కెట్లు కొట్టాడు.
హార్బరులో ఓడ కూత వేస్తే
మొదట్లో నా కాళ్ల సందున దూరేది.
"ఓడే. వెళ్లిపోతోంది" అని చెప్పేవాణ్ని.
వెళ్లిపోవడం గురించి
అంతకంటే ఏం చెప్పాలో నాకూ తెలీదు.

ఒకరోజు మేడమ్ అంది:
"అసలు పాఠం మా దగ్గర ఉంటుంది.
యజమాని పద అన్నా సరే,
ముందు గొయ్యి ఉంటే కదలకూడదు.
మాట వినకపోవడం నేర్పుతాం."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వేసిన గేటు నేను ఒక్కసారి తీశాను.
పెద్దాయన కారు. "తియ్యరా" అన్నాడు.
గూడ్సు దీపం మలుపులో కనబడుతూనే ఉంది.
తీశాను.
కారు దాటింది. బండి వచ్చింది. ఏమీ కాలేదు.
ఆ ఏమీ కాకపోవడమే
ఇరవై రెండేళ్లుగా కలలోకి వస్తోంది.
పారమ్మకి కూడా చెప్పలేదు.
గవ్వకి చెప్పాను, చెవి పైకెత్తి, మెల్లగా.
అది ఆవలించింది.

అప్పగించిన రోజు జీపు ఎక్కించాక
"ఆగు" అన్నాను, అలవాటుగా.
ఆగింది.
జీపు కదిలినా అది కదల్లేదు,
వెనకద్దంలోంచి నన్నే చూస్తూ.
"వదిలేయ్" అనాలి అప్పుడు.
నాకు నోరు పెగల్లేదు.

ఇంట్లో గుమ్మం పక్కన అది పడుకునే చోటు ఉంది.
ఇప్పటికీ ఇద్దరం
అక్కడ కాలు ఎత్తి దాటుతున్నాం.

మొన్న వానల్లో ఫోనొచ్చింది.
తాటిచెట్లపాలెం అమ్మాయి, కెజియా.
బ్యాంకులో ఫోన్ల దగ్గర పని, పుట్టుకతో చూపులేదు.
"మద్దిలపాలెంలో రోడ్డంతా నీళ్లు, అంకుల్.
ఆఫీసుకి లేటవుతోంది. పద అన్నాను.
మూడుసార్లు అన్నాను. కోప్పడ్డాను కూడా.
అడ్డంగా నిలబడిపోయింది.
ఎవరో కర్ర పెట్టి చూశారు.
మ్యాన్‌హోలుకి మూత లేదట."

సరే అమ్మా అన్నాను.
ఇంకా ఏదో అన్నాను, గుర్తులేదు.
పెరట్లోకి వెళ్లి
కుళాయి తిప్పి, కట్టి, మళ్లీ తిప్పాను.

పారమ్మ వెనకే వచ్చింది.
ఏం జరిగిందని అడగలేదు. అంతా వినే ఉంటుంది.
ఆరేసిన చీర మీంచి
ఏడాది కిందటి తెల్ల వెంట్రుక ఒకటి పీకి,
వెలుగులో పట్టుకు చూసి,
"ఈపాలి నల్లది తెమ్మను
ఆ మేడమ్ని" అంది.